నాన్న పేజీలో నాలుగో వాక్యం

ఆ ఏడు వానలు తొందరగా పట్టుకున్నాయి. వారం తిరిగేసరికి మా మెట్ల మీద నాచు కట్టింది. ఆ మెట్ల మీద గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేసుకుంటూ, ఒక ఆదివారం పొద్దున్నే అన్నయ్య పైకి వచ్చాడు. కింది వాటాలో అన్నయ్యా వదినా ఉంటారు. పై వాటాలో అమ్మ, నాన్న, నేను. ఏం కావాలన్నా కిందినుంచే కేకేసే మనిషి మెట్లెక్కి వచ్చాడంటే విషయం చిన్నది కాదని అప్పుడే అనుకున్నాను.

నాన్న బాల్కనీలో పేపరు చదువుకుంటున్నాడు. అన్నయ్య ఆ తలుపు దగ్గరగా వేసి, వంటింట్లో నా పక్కన నిలబడ్డాడు.

"చిన్నీ, ఆన్‌లైన్‌లో విజ్ఞాన సర్వస్వం అని ఏదో రాస్తుంటావే, అందులో నాన్న పేజీ ఉందని నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా?" అంటూ ఫోను నా మొహం ముందు పెట్టాడు.

ఆరంటే ఆరు వాక్యాల పేజీ. నాన్న ఇరవై రెండేళ్లు ఫుట్‌బాల్ రిఫరీగా చేశాడు. పగలు హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు, సాయంత్రాలూ సెలవురోజులూ మైదానంలో ఈల ఊదేవాడు. మా వీధిలో ఆయన్ని అందరూ ఈల మాస్టారు అనే అంటారు. మొదటి మూడు వాక్యాల్లో ఈ సంగతులే ఉన్నాయి. నాలుగోది ఇది: 'జాతీయ కప్పు ఫైనల్లో వివాదాస్పదమైన గోల్ ఇచ్చి, గెలిచిన జట్టుతో కుమ్మక్కయ్యాడన్న ఆరోపణపై సస్పెండయ్యాడు.' దాని కింద ఆనాటి పేపరు పేరు, తేదీ. ముప్పై ఒక్క ఏళ్ల కిందటి మాట. అప్పటికి నాకు అయిదేళ్లు.

"క్రీడా సంఘం వాళ్లు నాన్నకి జీవితకాల పురస్కారం ఇద్దామనుకుంటున్నారు," అన్నాడు అన్నయ్య గొంతు తగ్గించి. "స్టేడియంలో రిఫరీల గదికి ఆయన పేరు పెడతారట. వానలు తగ్గాక సభ. నిన్న కమిటీలో ఒకాయన ఈ పేజీ తీసి, ఇదేంటండీ అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది." అన్నయ్యది ఆటసామాన్ల కొట్టు. సంఘంలో అందరూ తెలిసినవాళ్లే. "నీ చేతిలో పనేగా. ఆ లైను తీసెయ్."

"నేను తియ్యకూడదు."

"తప్పుడు మాట కదే!"

"తప్పుడు మాట కాదు, సగం మాట. ఆరోపణ వచ్చింది, సస్పెండ్ చేశారు. అది నిజమే. తర్వాత విచారణలో ఏమీ లేదని తేలి మళ్లీ తీసుకున్నారు. అదీ నిజమే. ఆ రెండోది ఇందులో లేదు. చేరాలి. కానీ నేను చేర్చకూడదు."

"ఏం?"

"కూతుర్ని కాబట్టి."

అన్నయ్య నా వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. అమ్మ పొయ్యి దగ్గరనుంచి తల తిప్పలేదు.

నేను కట్టుడుపళ్లు చేసే ల్యాబులో పనిచేస్తాను. వెంట్రుకవాసి తేడా వస్తే పన్ను నోట్లో కూర్చోదు. ఆ అలవాటే కాబోలు, ఖాళీ దొరికినప్పుడల్లా ఆ విజ్ఞాన సర్వస్వంలో తేదీలు సరిచేస్తూ, పొగడ్తలు తీసేస్తూ ఆరేళ్లుగా కాలక్షేపం చేస్తున్నాను. ఒకసారి ఒక డాక్టరుగారి అల్లుడు మామగారి పేజీని విశేషణాలతో నింపేస్తే, అన్నీ పీకి పారేసింది నేనే. 'కంచే చేను మేస్తే ఇక కాపలా ఎవరండీ' అని ఆయనకి నీతులు కూడా చెప్పాను. మన వాళ్ల గురించి మనం రాసుకోకూడదు. బంధుత్వం దాచకుండా, ప్రతి పేజీకీ జతగా ఉండే చర్చా పేజీలో చెప్పి, ఆధారం చూపించి, సంబంధం లేని మరొకరు సరిదిద్దేదాకా ఆగాలి. ఇప్పుడు చేనూ నాదే, కంచే నాదే. నలుగురికి చెప్పిన మాట నాకు వర్తించదనుకుంటే, ఆరేళ్లూ నేను చేసింది ఏమిటి?

ఆ సాయంత్రమే చర్చా పేజీలో రాశాను: 'ఈ పేజీలోని వ్యక్తి మా నాన్న. అందుకని ఇందులో ఒక్క అక్షరం కూడా నేను మార్చను. నాలుగో వాక్యం అసంపూర్ణంగా ఉంది. విచారణలో ఆయన నిర్దోషి అని తేలింది. ఎవరైనా పరిశీలించగలరు.'

రెండురోజులకి జవాబొచ్చింది. ఇచ్చినవారి పేరు 'చెదపురుగు'. అక్కడ అందరివీ ఇలాంటి పేర్లే. ఆడో మగో, ముసలో పడుచో తెలియదు. 'దాచకుండా చెప్పినందుకు సంతోషం. కానీ కూతురి మాట ఆధారం కాదు కదా. అచ్చులో ఎక్కడుందో చూపించండి.'

కోపం రాలేదు. నేనైనా అదే రాసేదాన్ని.

ఆ మర్నాడు ల్యాబులో మైనం కరిగించి పన్ను అచ్చు దిద్దుతుంటే ఫోను టింగుటింగుమంటూనే ఉంది. విరామంలో తీసి చూస్తే నాన్న పేజీలో నాలుగో వాక్యం మాయం. దాని చోట 'ప్రముక రిఫరీ, అజాతశత్రువు, మచ్చలేని మహామనిషి' అని ఉంది. చేసింది ఎవరో 'క్రీడాభిమాని'. చెదపురుగు పాత వాక్యం తిరిగి పెట్టడం, క్రీడాభిమాని తీసేయడం, మళ్లీ పెట్టడం, మళ్లీ తీసేయడం. చివరికి ఇక ఎవరూ మార్చకుండా నిర్వాహకులు పేజీకి తాళం వేశారు. నాకు ఒక ప్రశ్న వచ్చి ఉంది: 'అడగక తప్పడం లేదు. క్రీడాభిమాని మీరేనా?'

'ప్రముక' అన్న మాట చూడగానే నాకు అర్థమైపోయింది. కొట్టు తెరిచిన కొత్తలో బోర్డు మీద కూడా అలాగే రాయించి, వారం తిరక్కుండా పెయింటర్ని మళ్లీ పిలిపించుకున్న మనిషి మా అన్నయ్య.

ఆరేళ్ల నా పేరు మీద మొదటిసారి మచ్చ పడబోతోంది. నాకు తెలియదంటే సరిపోయేది. 'నేను కాదు,' అని రాశాను. 'కానీ మా ఇంటి మనిషే. ఇకమీదట జరగకుండా చూసుకునే పూచీ నాది.'

పని అయ్యాక నేరుగా కొట్టుకి వెళ్లాను. అన్నయ్య బంతుల్లో గాలి నింపుతున్నాడు.

"అది నువ్వేనని వాళ్లకి చెప్పేశాను," అన్నాను.

పంపు చేతిలోనే ఆగిపోయింది. "నా పేరు చెప్పావా?"

"పేరు చెప్పలేదు. మా ఇంటి మనిషే అన్నాను."

"అన్నని ఎవరో మొహం తెలియని వాళ్లకి పట్టిస్తావా? నాన్న కంటే ఆ పేజీ ఎక్కువా నీకు?"

"నాన్నకోసమే అన్నయ్యా. నువ్వు చెరిపేకొద్దీ చూసేవాళ్లు ఏమనుకుంటారు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. నెల్రోజులు టైమివ్వు. కాగితం నేను తెస్తాను."

"తేలేకపోతే?"

"తెస్తాను."

ల్యాబుకి శనివారం ఒంటిపూటే. నాలుగు శనివారాలు, గొడుగులోంచి నీళ్లు కార్చుకుంటూ గ్రంథాలయానికి వెళ్లాను. పాత పేపర్లు పైఅంతస్తులో అట్టపెట్టెల్లో ఉంటాయి. ముట్టుకుంటే అంచులు అప్పడంలా విరుగుతున్నాయి. నాన్న ఫోటో మూడు పేపర్లలో మొదటి పేజీలోనే ఉంది. ఈల నోట్లో, చెయ్యి పైకి. తర్వాతి ఏడాదంతా తిరగేశాను. విచారణ ఏమైందో ఒక్క ముక్క లేదు.

మూడో శనివారం, అక్కడ పనిచేసే పెద్దావిడ నా అవస్థ చూసి జాలిపడింది. "ఆరోపణైతే మొదటి పేజీలో వేస్తారమ్మా. నిర్దోషి అంటే ఎవడు వేస్తాడు? వేసినా తప్పిపోయిన కుక్కల ప్రకటన కింద వేస్తాడు. సంఘం వాళ్ల వార్షిక నివేదికలు చూశావా?"

అవి మరో గదిలో తాళ్లతో కట్టిన మూటల్లో ఉన్నాయి. నాలుగో శనివారం మధ్యాహ్నం దొరికింది. వార్షిక నివేదికల మధ్యలో పన్నెండు పేజీల విచారణ నివేదిక. తొమ్మిదో పేజీలో స్పష్టంగా ఉంది: 'కుమ్మక్కు ఆరోపణకు ఎలాంటి ఆధారమూ లేదు. సస్పెన్షన్ ఎత్తివేయడమైనది.' అమ్మయ్య అనుకున్నాను. ఆ ఊపులో పేజీ తిప్పాను.

పదో పేజీ: 'గోల్ సమయంలో తాను సుమారు పద్దెనిమిది గజాల దూరంలో ఉన్నాననీ, ఆటగాళ్లు అడ్డురావడం వల్ల బంతి గీత దాటిందీ లేనిదీ స్పష్టంగా చూడలేదనీ రిఫరీ అంగీకరించారు. దీన్ని పొరపాటుగా మాత్రమే పరిగణిస్తున్నాము.'

రెండు పేజీలూ కాపీ తీయించుకుని బస్టాపులో కూర్చున్నాను. రెండు బస్సులు వదిలేశాను. తొమ్మిదో పేజీ ఒక్కటే చూపిస్తే చాలు. ఆ మూట విప్పి పదోది చదవడానికి ఎవరొస్తారు? మా నాన్నకి మచ్చ పోతుంది, అన్నయ్యకి మాట దక్కుతుంది, నాకు గొడవ వదులుతుంది. అలా ఆలోచిస్తున్నది నేనేనా అనిపించింది. బంధువులు రాయకూడదన్న రూలు ఎందుకు పెట్టారో, ఆరేళ్లుగా దాన్ని వల్లించిన నాకు ఆ బస్టాపులోనే తెలిసొచ్చింది. మూడో బస్సు ఎక్కాను. రెండు పేజీలూ ఇచ్చి తీరాలి, కానీ ముందు నాన్నకి చూపించాలి.

మర్నాడు మధ్యాహ్నం వంటింటి బల్ల మీద ఆ కాగితాలు పెట్టి, పేజీ సంగతి, నాలుగో వాక్యం సంగతి, క్రీడాభిమాని సంగతి అన్నీ చెప్పాను. అమ్మ బల్ల చివర కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. నాన్న కళ్లజోడు పెట్టుకుని రెండు పేజీలూ నిదానంగా చదివాడు. తర్వాత చెవి వెనకనుంచి పెన్సిలు తీసి, పరీక్ష పేపరు దిద్దినట్టు, పదో పేజీలో 'పద్దెనిమిది' కొట్టేసి పైన 'ముప్పై అయిదు' అని వేశాడు.

"ఇదేంటి నాన్నా?"

"పద్దెనిమిది కాదమ్మా. ముప్పై అయిదు. అప్పటికే మోకాలు పోయింది. బంతి వెనక పరిగెత్తలేకపోయాను."

"మరి విచారణలో చెప్పలేదా?"

"చెబితే, కాలు బాగాలేనివాడివి ఫైనల్ ఎందుకు ఒప్పుకున్నావంటారు. ముందు ఒకటి దాచాను. దాన్ని కాపాడ్డానికి రెండోది."

అమ్మ గిన్నెలోంచి తల ఎత్తలేదు. "ఆ పొద్దున కట్టు కట్టింది నేనేగా. కనబడకుండా మేజోళ్లు పైకి లాగింది కూడా నేనే," అంది.

ముప్పై ఒక్క ఏళ్లు ఒకే ఇంట్లో ఉండి ఈ మాట నేను వినలేదు.

"గోల్‌కీపర్ చేతుల్లోంచి బంతి జారింది," అన్నాడు నాన్న. "వెనక్కి దొర్లింది. అతను తిరిగి దాని మీద పడ్డాడు. బంతి మొత్తం గీత దాటితేనే గోల్. నూలుపోగంత మిగిలినా కాదు. నాకు కనబడింది అతని వీపు ఒక్కటే. లైన్స్‌మన్ వంక చూశాను, అతను నా వంక చూస్తున్నాడు. అంతలో నలభై వేలమంది గోల్ అని అరిచారు. ఊదేశాను. చూసి ఊదలేదమ్మా, విని ఊదాను."

బఠాణీ గింజలు గిన్నెలో పడుతున్న చప్పుడు.

"నా మీద ఆరోపణ ఎనిమిది నెలల్లో పోయింది. ఆ కుర్రాడికే పోలేదు. చిల్లు చేతులవాడని పేరు పెట్టారు. మళ్లీ జట్టులోకి రానివ్వలేదు. ఇదంతా నీ పేజీలో రాయించు."

"కుదరదు నాన్నా. నేను రాయకూడదు. ఇంకెవరైనా రాయాలన్నా, ఇంట్లో నువ్వు చెప్పావంటే చాలదు. ఎక్కడైనా అచ్చయి ఉండాలి."

"నా తప్పు నేను చెప్పుకున్నా చెల్లదా?"

"చెల్లదు."

నాన్న పకపకా నవ్వాడు. ఆయన అలా నవ్వి చాలా కాలమైంది. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మంచి రూలే. అయితే అచ్చు వేయిద్దాం. తెల్లకాగితాలున్నాయా?"

నాలుగురోజులు రాశాడు. రాసినప్పుడల్లా అమ్మకి చదివి వినిపించడం, 'ఇక్కడ నిన్ను నువ్వు వెనకేసుకొస్తున్నావు, తీసెయ్' అని అమ్మ అనడం, ఆయన కొట్టేయడం. చివరికి అరపేజీ మిగిలింది. పేపరువాళ్లకి పంపించే ముందు అన్నయ్యని పిలిచి చూపించాడు.

అన్నయ్య మొహం కందగడ్డయింది. "మూడు వారాల్లో సభ పెట్టుకుని ఇదేం పని నాన్నా? ముప్పై ఏళ్లు ఎవరూ అడగలేదు. కొరివితో తల గోక్కోవడం కాకపోతే!"

"తల నాదేగా," అన్నాడు నాన్న.

"మీ ముగ్గురూ ఒకటయ్యారు. నేనే పరాయివాణ్ణి." నా వైపు తిరిగాడు. "నీకు ఇప్పుడు తృప్తిగా ఉందా?"

"లేదు," అన్నాను. "కానీ సగం మాట పోగొట్టడానికి ఇంకో సగం మాట తేలేను."

అన్నయ్య దిగి వెళ్లిపోయాడు. ఆ పూటనుంచి పైకి రాలేదు. కిందినుంచి కేక కూడా లేదు.

ఉత్తరం గురువారం పేపర్లో, ఆటల పేజీలో, నాన్న పేరుతోనే అచ్చయింది. శనివారానికి సంఘం నుంచి రెండు వాక్యాల లేఖ వచ్చింది. పురస్కారం విషయం 'పునరాలోచనలో' ఉందట. నాన్న దాన్ని చదివి, పక్కన పెట్టి, భోజనానికి లేచాడు. వీధిలో కొందరు తలకాయ తిప్పుకున్నారు. ఒకాయన మాత్రం ఆగి, 'మాస్టారూ, ఇప్పుడెందుకండీ ఇవన్నీ' అన్నాడు. 'ఇంకెప్పుడండీ' అన్నాడు నాన్న.

నేను నివేదికలోని రెండు పేజీలు, ఉత్తరం, మూడూ చర్చా పేజీలో పెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నాను. చెదపురుగు వారం రోజులు తీసుకున్నారు. తాళం తీయించి, నాలుగో వాక్యాన్ని నాలుగు వాక్యాలు చేశారు: ఆరోపణ, సస్పెన్షన్, నిర్దోషి అన్న తీర్పు, తాను చూడకుండా గోల్ ఇచ్చాననీ మోకాలి గాయం దాచిపెట్టాననీ ఆయన స్వయంగా ఒప్పుకోవడం. ఆ మ్యాచ్ గురించి ఉన్న మరో పేజీలో 'గోల్‌కీపర్ అసమర్థత వల్ల' అన్న మాటలు కూడా తీసేశారు. నాకు ఒక్క పదం దగ్గర ముల్లులా గుచ్చుకుంది. 'దాచిపెట్టారు' బదులు 'చెప్పలేదు' అంటే బాగుండేది. అడుగుదామని సగం టైపు చేశాను కూడా. తర్వాత అదంతా చెరిపేసి, 'ధన్యవాదాలు' అని మాత్రం రాశాను.

వానలు వెనకబట్టాయి. అన్నయ్య మాట్లాడటం మానేసి మూడు వారాలైంది. వదిన వస్తూపోతూ ఉండేది గానీ, అన్నయ్య కోపం తగ్గిందా అంటే పెదవి విరిచేది. అమ్మకి అదే దిగులు. ఒక సాయంత్రం నేను ల్యాబునుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే మెట్ల మీద రెండు జతల అడుగులు వినిపించాయి. ముందు అన్నయ్య, వెనక ఎవరో పొడుగాటి మనిషి. అరవై దగ్గర పడుతున్న వయసు, తడిసిన గొడుగు.

"నాన్నా, నీకోసం వచ్చారు. ఇల్లు వెతుక్కుంటున్నారు," అన్నాడు అన్నయ్య గుమ్మం బయటే నిలబడి.

ఆ మనిషి లోపలికి వచ్చి, "నేను డ్రైవింగ్ నేర్పుతుంటానండీ," అన్నాడు. వెంటనే, అది చెప్పాల్సింది కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. "చిల్లు చేతులవాణ్ణి."

నాన్న కుర్చీలోంచి లేచాడు. మోకాలు సహకరించక బల్ల పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ టీ పెట్టడానికి లేచింది గానీ పొయ్యి వెలిగించడం మరిచిపోయి అలాగే నిలబడింది.

"మీ ఉత్తరం మా అబ్బాయి చదివి వినిపించాడు," అన్నాడాయన. "తిడదామనే బయల్దేరాను మాస్టారూ. బస్సులో దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఇప్పుడు ఒక్కటీ గుర్తు రావడం లేదు."

"గుర్తొచ్చేదాకా కూర్చోండి," అన్నాడు నాన్న.

ఆయన కూర్చున్నాడు. నాన్న కూర్చోలేదు. అమ్మ తేరుకుని పొయ్యి వెలిగించి, టీ కాచి కప్పు తెచ్చి పెట్టింది.

"మిమ్మల్ని ఒకటి అడగాలి," అన్నాడు నాన్న. "అడిగే హక్కు లేదు. బంతి ఎక్కడుంది?"

ఆయన టీ కప్పు పక్కకి జరిపాడు. బల్ల అంచు మీద రెండు చేతులూ పెట్టాడు. పెద్ద చేతులు, వంకర తిరిగిన వేళ్లు. బంతిని పొదివి పట్టుకున్నట్టు వాటిని గుండ్రంగా చేసి, అంచుకి అటు కొంచెం, ఇటు కొంచెం ఉండేలా జరిపాడు.

"ఇలా. సగం అవతల, సగం ఇవతల. నా గడ్డం కిందే ఉంది. నేను చూశాను. మా అమ్మతో సహా ఎవరూ నమ్మలేదు."

నాన్న వంగి ఆ చేతుల్ని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత బల్ల వదిలేసి నిటారుగా నిలబడ్డాడు.

"గోల్ కాదు," అన్నాడు.

ఆయన చేతులు కదల్లేదు. "ఇంకోసారి అనండి."

"గోల్ కాదు."

ఆయన చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. అమ్మ ఏమీ అడక్కుండానే మళ్లీ గిన్నె పొయ్యి మీద పెట్టింది.

అన్నయ్య ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. నా పక్కన ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుని, ఎవరి వంకా చూడకుండా, "అమ్మా, నాక్కూడా ఒక కప్పు," అన్నాడు.